డెల్ఫినా లేదు

ఆ సోమవారం పొద్దున్న యోవానా వేసుకున్న ప్లాను చిన్నదే. కొచబాంబా ఊళ్ళో ఇళ్ళకు మధ్యాహ్నం భోజనాలు పంపే ఆమె తల్లి డెల్ఫినా, పెద్దమ్మ ఒబ్దులియా, మిరపకాయ పచ్చడి ఎవరిది బాగుంటుందన్న గొడవలో తొమ్మిదేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. "మీరు మాట్లాడుకోనక్కర్లేదు, జాబితాలు కలిస్తే చాలు" అని యోవానా ఇద్దరినీ ఒప్పించింది. ఇకపై ఒకే ఫోను, ఒకే బండి.

జాబితాలు రెండూ పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఉన్నాయి. పేట పేరు కింద ఒక డిక్షనరీ, అంటే పేరు చెబితే వివరం ఇచ్చే పట్టీ, అందులో ఇంటివాళ్ళ పేరు కింద మరొకటి, దాన్లో ఎవరికేం కావాలో. యోవానా కాఫీ తాగుతూ 'అప్‌డేట్' అని ఒక్క లైను రాసి, కలిసిన జాబితాను బండాయనకు పంపేసింది.

పన్నెండైంది. నలభై రెండు భోజనాలు వాకిట్లో పొగలు కక్కుతున్నాయి. బండి జాడ లేదు. ఫోన్ చేస్తే, "మీ ఇంటి భోజనాలు ఒక్కటీ లేవమ్మా. అన్నీ పెద్దావిడవే" అన్నాడు బండాయన.

"చూశావా మీ పెద్దమ్మని! నా గిరాకీ మొత్తం మింగేసింది!" డెల్ఫినా గరిటె విసిరేసింది.

"మింగింది పెద్దమ్మ కాదమ్మా, నేను" అంది యోవానా, తెర చూసి తల పట్టుకుని. రెండు జాబితాల్లోనూ అవే మూడు పేటలు. పేరు ఒకటే కావడంతో పైథాన్ లోపలికి తొంగి చూడనే లేదు. అమ్మ పేటను తీసేసి, ఆ చోట పెద్దమ్మ పేటను కూర్చోబెట్టేసింది.

ఈలోగా జరిగింది యోవానాకు తర్వాత తెలిసింది. ఆకలికి ఆగలేక రిటైర్డ్ టీచరు ఎలియోదోరో ఆ ఒక్క ఫోనుకే చేశారు. అది ఒబ్దులియా దగ్గరుంది.

"డెల్ఫినా గారి భోజనం ఇంకా రాలేదేమండీ?"

ఒబ్దులియా జాబితా అంతా వెతికి, చెల్లెలి భోజనాలేవీ కనబడక, "డెల్ఫినా లేదు" అని ముక్తసరిగా చెప్పి పెట్టేసింది.

టీచరు కుర్చీలో కూలబడ్డారు. పక్కింటికి చెప్పారు. పక్కింటావిడ పూలకొట్టుకు చెప్పింది. గంటలో ఆ కబురు ఊరంతా చుట్టి ఒబ్దులియా దగ్గరికే తిరిగొచ్చింది. అది తన మాటేనని ఆవిడ పోల్చుకోలేకపోయింది.

యోవానా ఇంకా తప్పు దిద్దుతూనే ఉంది, గేటు భళ్ళున తెరుచుకుంది. పాతికమంది, అందరి చేతుల్లో తెల్లపూలు. అందరికంటే ముందు ఒంటి చెప్పుతో పెద్దమ్మ.

"ఒసేయ్ డెల్ఫీ! నన్నొదిలేసి పోయావటే!"

"ఎక్కడికి పోతానే? బండి రాందే!" అంది వంటింటి గుమ్మంలోంచి డెల్ఫినా.

ఒబ్దులియా ఒక్క అంగలో గుమ్మం చేరింది. తర్వాత చేతిలోని పూలతోనే చెల్లెల్ని నాలుగు బాది, కావలించుకుని భోరుమంది. "పచ్చడి నీదే బాగుంటుందే! నువ్వు మాత్రం చావకు!"

"ఇంకోసారి అను. అందరూ వినేలా."

ఎలియోదోరో గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ఎలాగూ వచ్చాం కదా... ఆ వేరుశనగ సూపు చల్లారిపోతోంది."

అందరూ వాకిట్లోనే కూర్చున్నారు. పెద్దమ్మే కొసరి కొసరి వడ్డించింది. యోవానా ఓ మూల కూర్చుని కోడ్ తిరగరాసింది: రెండు వైపులా డిక్షనరీలే ఉంటే దేన్నీ పారేయకు, లోపలికి వెళ్ళి ఒక్కో పేరూ కలుపు, అక్కడా డిక్షనరీలే ఉంటే ఇంకా లోపలికి వెళ్ళు. ఈసారి ఒక్క పేరూ పోలేదు.

పేటలు కలవడానికి ఏడు లైన్లు సరిపోయాయి. కొత్తగా పెట్టే బోర్డు మీద అక్కాచెల్లెళ్ళలో ఎవరి పేరు ముందుండాలన్నది మాత్రం ఇంకా చర్చల్లో ఉంది.