రెండో మాత్ర ఎవరి కడుపులో?

డ్రైవింగ్ స్కూలు మాస్టారు ఆ పూటకి పెట్టుకున్న పని ఒక్కటే: కదలకుండా పడుకోవడం. ముందురోజు ఓ శిష్యుడు బ్రేకు అనుకుని యాక్సిలేటరు తొక్కడంతో ఆయన నడుం పట్టేసింది. కండరాలు వదులు చేసే మాత్రలు రాసిన డాక్టరు, "రాత్రికి ఒకటే. మత్తుగా ఉంటుంది, బండి ముట్టుకోకండి. నిద్రమాత్రల జోలికీ, మద్యం జోలికీ పోకండి" అని గట్టిగానే చెప్పాడు. మాస్టారు బుద్ధిగా ఒక్కటే వేసుకున్నారు.

తెల్లారి చూస్తే స్ట్రిప్‌లో రెండు ఖాళీ!

"ఏమేవ్, పొద్దున్న కాఫీతో నువ్విచ్చింది ఏ మాత్ర?"

"మీ బీపీ మాత్రేనండీ." ఆవిడ తడబడింది. "అనుకుంటా. కళ్లజోడు పెట్టుకోలేదు."

ఆవిడ చూడకుండా ఇవ్వడం, ఆయన చూడకుండా మింగడం ఆ ఇంట్లో అలవాటే. ఇన్నేళ్ల కాపురం అలాగే సజావుగా నడిచింది. ఇప్పుడు మాత్రం 'అనుకుంటా' అన్న మాట చెవిన పడగానే మాస్టారి కాళ్లు తేలిపోయాయి, నాలుక మొద్దుబారింది. "నాకేమన్నా అయితే స్కూలు మూసెయ్యకు" అంటూ సోఫాలో కూలబడ్డారు. ఆవిడకి నిజంగానే ఏడుపొచ్చింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, "తీసుకురండి, ఆయన్ని మాత్రం నడపనివ్వకండి" అన్నారు.

టాక్సీ వచ్చింది. మందుల డబ్బాతో సహా ఎక్కారు. ఆ ఇంట్లోనే ఉంటున్న మాస్టారి అత్తగారూ తోడొచ్చి వెనక సీట్లో ఓ మూలకి ఒదిగింది.

తీరా చూస్తే టాక్సీ డ్రైవరు మాస్టారి పాత శిష్యుడు. పసుపు లైటు పడగానే ఆపేశాడు. ఓ పెద్దాయన రోడ్డు దాటాలా వద్దా అని తేల్చుకునేదాకా కదల్లేదు.

"తొందరగా పోనీరా నాయనా!"

"భలేవారే మాస్టారూ! పసుపులో పోనిచ్చానని నన్ను తిట్టిపోసింది మీరేగా?"

భార్య ఆయన నిద్రపోకుండా గిల్లుతూనే ఉంది. "అబ్బా! మీ అమ్మగారిని చూసి నేర్చుకో, ఎంత నిబ్బరంగా ఉన్నారో" అని మూలిగారు మాస్టారు.

డాక్టరు కళ్లూ నాడీ చూసి, డబ్బా తెరిచి లెక్క చూశాడు. "బీపీ మాత్ర సరిగ్గానే పడింది. గిల్లిన గుర్తులు తప్ప మీకేం లేదు."

"మరి ఆ రెండోది?"

అందరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. కుర్చీలో అత్తగారు మెడ వాల్చేసి గురక పెడుతోంది. తట్టి లేపితే సగం కన్ను తెరిచింది.

"నాకూ నడుం నొప్పేగా నాయనా. అల్లుడుగారికి అంత హాయిగా నిద్రపట్టిందని ఒకటి వేసుకున్నా."

డాక్టరు నవ్వలేదు. "ఒకరికి రాసింది ఇంకొకరు వేసుకోకూడదమ్మా. ఈ వయసులో మత్తుకి తూలి పడితే ఎముక విరుగుతుంది" అంటూ వెంటనే మంచం ఎక్కించాడు. సాయంత్రందాకా ఆ మంచం పక్కనే కూర్చున్న ఆలుమగలకి పచ్చి మంచినీళ్లు దిగలేదు. "ఇక గండం లేదు" అని డాక్టరు చెప్పాక గానీ కూతురు ఊపిరి పీల్చుకోలేదు. మాస్టారు కళ్లు తుడుచుకున్నారు.

చీకటి పడే వేళకి అత్తగారు తేటగా లేచి కూర్చుని, కంగారుగా అడిగింది: "అయ్యో, ఇంతకీ అల్లుడుగారికి ఎలా ఉంది?"

అల్లుడుగారు పక్క కుర్చీలో, ఏ మాత్రా అక్కర్లేకుండానే, ఒళ్లు మరిచి నిద్రపోతున్నారు.