కమలాక్షమ్మ కుండీ, చైర్మన్ గారి తోటల యాత్ర

"మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడూర్ల ఉద్యాన వైభవాన్ని ఒక్క పగట్లో ప్రజల కండ్ల ముందర పెడతా!" అని ఉద్యాన వికాస సలహా మండలి చైర్మన్ గంగులప్ప గారు ప్రెస్‌మీట్‌లో ప్రకటించినారు. ఎంత గొప్ప మనసో సూడండి! పదవొచ్చి ఎనిమిది నెలలైనా, ఆ మండలి ఎవరికి ఏం సలహా ఇయ్యాలో పైనుంచి ఎవరూ చెప్పలేదు. అయినా ఆయన ఒక్కరోజు కూడా బాధపడకుండా బోర్డుండే కార్లో తిరగతానే ఉండారు.

యాత్రకు మదనపల్లె మిద్దెతోటల సంఘం ఆడోళ్లను ముప్పై మందిని బస్సెక్కించినారు. అందులో కమలాక్షమ్మ రిటైరైన నర్సు. ఆమె వచ్చింది వైభవం కోసం కాదు, కుండీ కోసం. ఆరు నెలల కింద మండలి మనుషులు ఇంటికొచ్చి, పూల ప్రదర్శన ఉండాది, రెండ్రోజుల్లో తెచ్చిస్తామని చెప్పి ఆమె పసుపు ముద్దమందారాన్ని కుండీతో సహా ఎత్తుకపోయినారు. అంతే సంగతి. ఆ చెట్టు ఆమె మొగుడు నాటింది. జన్మలో ఆయన నాటింది ఆ ఒక్కటే, మరుసటేడు పోయినాడు. కుండీ కోసం పదకొండు సార్లు ఆఫీసుకు తిరిగింది. "ఫైలు మూవ్ అవతా ఉండాదమ్మా" అంటాడు పీఏ యువరాజ్. ఫైలు కదిలితే ఏం లాభం, కుండీ రావాల గదా!

ఇంకొక మాట. మొక్కల పిచ్చుండే ఆడోళ్లకు ఒక ఆచారముండాది. అడిగి తెచ్చుకున్న కొమ్మ బతకదు, దొంగతనంగా తెచ్చింది చంపినా చావదు. అందుకని ఆ బస్సులో ప్రతి హ్యాండ్‌బ్యాగులో ఒక తడిగుడ్డ, ఒక కత్తెర ఉన్నాయి.

పుంగనూరులో ఒక పాత బంగళా ముందర దిగినారు. కుండీలు బారుగా పెట్టుండాయి.

"ఇవన్నీ రెండు వందల ఏండ్ల నాటివి!" అన్నారు చైర్మన్ గారు.

సంఘంలో నోరుండే పాపక్క కొంగు చూసుకునింది. ఎర్రరంగు అంటుకోనుండాది. "రెండు వందల ఏండ్లకు కూడా పెయింటు ఆరలేదేమప్పా?"

"అప్పటి క్వాలిటీ అట్లాంటిదమ్మా."

కమలాక్షమ్మ బారు వెంబడి చూసుకుంటా పోయింది. మూడో కుండీ అంచు పగిలి, కట్టుతీగ మూడు చుట్లు చుట్టుండాది. గాయానికి కట్టు కట్టినట్టు ఆ ముడి వేసింది తనే.

"సార్, ఇది నా కుండీ!"

"చారిత్రక సంపదమ్మా. నీదీ నాదీ అనగూడదు" అని చైర్మన్ గారు చెట్లకు వీపు పెట్టి, కెమెరాలకు ముఖం పెట్టి ఉపన్యాసం మొదలుపెట్టినారు. నలభై నిమిషాలు మాట్లాడినారు. కమలాక్షమ్మ కండ్లు తుడుచుకుని, తన చెట్టుకే దొంగమాదిరి పోయి, ఏటవాలుగా ఒక కొమ్మ కోసి బ్యాగులో పెట్టుకునింది. మిగతా ఇరవైతొమ్మిది కత్తెర్లు కూడా ఖాళీగా ఉండలేదు.

పలమనేరులో భోజనం. "నింపాదిగా తినండమ్మా, తొందరేం లే" అని యువరాజ్ ఇంకోసారి సంగటి వడ్డించినాడు. ఆ నింపాదిలో టార్పాలిన్ కట్టిన వ్యానొకటి రోడ్డు మీద ఝామ్మని కుప్పం దిక్కు పోయింది. అందులో వాళ్లను కుండీలు ఎత్తమన్నారే గానీ, చూసి ఎత్తమని ఎవరూ చెప్పలేదు.

కుప్పం దగ్గర ఒక పెద్దమనిషి ప్రైవేటు తోట. గేటు తీస్తే లోపల బారుగా కుండీలు, కుండీకొక పుల్ల.

చైర్మన్ గారు ఒక్క క్షణం నిలబడిపోయినారు. నాయకుడంటే ఎవరో తెలిసేది అట్లాంటప్పుడే. "ఇది జపాన్ పద్ధతి. ఆకులుంటే మొక్కకు ఏకాగ్రత ఉండదు."

"మరి పూలు?"

"ఫేజ్ టూలో."

"పుంగనూరు కుండీ ఈడికెట్లొచ్చెనప్పా?" అనింది పాపక్క.

"కవలలమ్మా."

కమలాక్షమ్మ తీగ చుట్టిన కుండీ దగ్గరికి పోయింది. బ్యాగులోని కొమ్మ తీసి పుల్ల మీది ఏటవాలు కోతకు ఆనించింది. అతికినట్టు సరిపోయింది. విలేకర్లు దగ్గరికొచ్చినారు. యువరాజ్ చైర్మన్ గారి చెవిలో ఏదో ఊదినాడు.

"కొమ్మను బట్టి చెట్టును గుర్తుపట్టిన ఈ తల్లికి 'ఉద్యాన శిరోమణి' బిరుదు ఇస్తాండాను!" అని చైర్మన్ గారు గొంతెత్తినారు. "బహుమతిగా ఈ కుండీనే ఇస్తాండాను!"

చప్పట్లు మోగినాయి. శాలువా కప్పినారు. కమలాక్షమ్మ కుండీని బిడ్డ మాదిరి చంకనెత్తుకుని, అందరి ముందర ఏడ్చేసింది. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చినాయి.

ఫొటోలు అయిపోతానే యువరాజ్ చేతులు చాపినాడు. "ఇయ్యమ్మా, వ్యాను లేటవతాది. సాయంత్రం మదనపల్లెలో సార్ ఇంకో తోట ఓపెన్ చేయాల."

"బహుమతి అంటిరి గదప్పా!"

"బహుమతి మీదేనమ్మా. కుండీ మండలిది."

బస్సు తిరుగుదారి పట్టింది. వెంకటగిరికోట దాటినాక వ్యాను హారన్ కొట్టి ముందుకు పోయింది. శాలువా పక్కన పెట్టి, తడిగుడ్డలో కొమ్మను చుడతా ఉన్న కమలాక్షమ్మను చూసి పాపక్క మెల్లగా అడిగింది.

"అదన్నా బతుకుతాదా అక్కా?"

"యాల బతకదు? దొంగతనంగా తెచ్చింది గదా" అనింది కమలాక్షమ్మ.