ఓబుళేశు నాన్‌స్టాప్ బండి

ఆ ఆదివారం పొద్దున ఓబుళేశు వేసుకున్న ప్లాను చిన్నదే. పన్నెండు గంటల లోపల వాకిట్లోని తెల్ల అంబాసిడర్ స్టార్టు కావాలి. భార్య ప్రేమమ్మను ముందుసీట్లో కూర్చోబెట్టుకుని కర్నూలు దాకా ఎక్కడా ఆగకుండా పోవాలి. అంతే.

ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరు. ముప్పై ఏళ్లు ఇంకొకడు తోలే బండికి విజిల్ ఊదాడు. చెయ్యెత్తిన ప్రతివాడి దగ్గరా ఆపాడు, చిల్లర లేదన్న ప్రతివాడితోనూ గొంతు చించుకున్నాడు. రిటైరైన నెలలోనే ఈ పాత కారు కొన్నాడు. కొన్న రోజు నడిచింది. మరునాటి నుంచి ఎనిమిది నెలలుగా నడవలేదు. అయినా కళ్లు మూస్తే చాలు, ముందు తారురోడ్డు, రెండు పక్కలా నల్లరేగడి, దించిన అద్దంలోంచి గాలి, ఆ గాలికి ప్రేమమ్మ కొంగు ఎగిరి వచ్చి స్టీరింగు మీద పడడం. ఆ కొంగును తొలగించకుండానే తోలుతూ ఉండేవాడు, మంచం మీద పడుకుని.

"పన్నెండింటికి లాజరు వస్తాడు" అంది ప్రేమమ్మ. లాజరు ట్రాలీ ఆటోకి మైకు కట్టుకుని ఊరూరా పాతినుము కొనేవాడు. "స్టార్టయితే నీది, కాకుంటే వానిది. ఈ కారు చుట్టూ తిరిగి నీళ్లు మోయలేక నా నడుము పోతాండాది."

ఓబుళేశు బానెట్ ఎత్తాడు. తాళం తిప్పితే ఇంజను పట్టినట్టే పట్టి, ఎవరో గొంతు పిసికినట్టు ఆగింది.

"ఏమయ్యా, వెనకపక్క ఒకసారి..." అంది ప్రేమమ్మ.

"నువ్వుండు ప్రేమా. ఇది ఇంజను."

ఆమె లోపలికి పోయింది. ఎదురింటి నరసన్న వచ్చాడు. బోరు మోటార్లు విప్పే చెయ్యి అతనిది. "ప్లగ్గులే అన్నా, ఇంకేం చూడక్కర్లేదు" అన్నాడు. విప్పారు, ఉప్పుకాగితంతో రుద్దారు. ఇనుముకు ఆనించి చూస్తే నిప్పురవ్వ నీలంగా మెరిసింది, ప్లగ్గుల్లో తప్పేం లేదు. "అయితే పెట్రోలు." కార్బురేటర్ విప్పి నోటితో ఊదాడు. పెట్రోలూ వస్తోంది, నరసన్న నోట్లోకి కూడా వచ్చింది. మళ్లీ తాళం. మళ్లీ అదే దగ్గు, అదే చావు.

మన సీమలో తెరిచిన బానెట్‌ను దాటిపోయే మొగవాడు ఇంకా పుట్టలేదు. పది గంటలకు వాకిట్లో ఇరవైమంది. ఒకడు బ్యాటరీ అన్నాడు, ఒకడు కాయిల్ అన్నాడు, సైకిల్ కూడా తొక్కడం రానివాడు టైమింగు తప్పిందన్నాడు. దిష్టి తగిలిందని ఇంకొకడు బంతిపూల దండ తెచ్చి బానెట్‌కు కట్టాడు. వాకిట్లో నిలబడ్డ జనానికి టీ ఇవ్వకపోతే ఇంటి పరువు పోతుందని, ఉన్న రెండు బిందెల నీళ్లలో ఒకటి టీకి పోసింది ప్రేమమ్మ. గ్లాసులందిస్తూ ఇంకోసారి అంది, "వెనకపక్క..."

"అమ్మా, ఇంజను ముందర ఉంటాదమ్మా" అన్నాడు నరసన్న జాలిగా.

వీధి చివర నుంచి చూసేవాళ్లకు ఇంజను కనిపించదు. వాళ్లకు కనిపించింది తెల్ల అంబాసిడర్, దానికో పూలదండ, చుట్టూ జనం, ఊరికే టీ. కర్నూలైనా కడపైనా ఇవన్నీ ఒకచోట చేరితే అర్థం ఒకటే. పంచాయతీ ఎలక్షన్లు నెలలో ఉన్నాయి. సర్పంచి సీటు ఆడవాళ్లకు రిజర్వు.

"ఓబుళేశు పెండ్లాన్ని నిలబెడతాండాడు!"

పన్నెండింటికి లాజరు ఆటో మైకుతో సహా వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఇక అనుమానం దేనికి? ఇరవైమంది నూరుమందయ్యారు.

లాజరు వెనకే పుల్లయ్య బుల్లెట్ దిగాడు. పుల్లయ్య ఎవరంటే, ఇప్పటి సర్పంచి చెన్నమ్మ మొగుడు. పదవి ఆమెది, కుర్చీ ఇతనిది. ఐదేళ్లలో చెన్నమ్మ గొంతు విన్నవాడు ఊళ్లో ఒక్కడు లేడు. ఓబుళేశు భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయాడు.

"ఏమప్పా ఓబుళేశు, నాకొక మాట చెప్పకుండానే ఇంతదాకా తెచ్చినావే!"

"నువ్వూ ఇంజను చూస్తావని అనుకోలేదన్నా."

"ఇంజను సంగతి నాకెందుకప్పా! నీ పెండ్లాన్ని నిలబెట్టొద్దు. రేపట్నుంచి నీళ్ల ట్యాంకరు మొదట నీ వాకిట్లోకే. దినామూ."

ఓబుళేశుకు ఏమీ బోధపడలేదు. గ్లాసులు ఏరుకుంటున్న ప్రేమమ్మకు బోధపడింది. గ్లాసులు కింద పెట్టింది.

"దినామూ పంపిస్తావా పుల్లయ్యన్నా?"

"పంపిస్తాలేమ్మా" అన్నాడు పుల్లయ్య, ఓబుళేశు వైపే చూస్తూ.

"అంటే నీళ్లుండాయి. ఎనిమిది దినాలకొకసారి వచ్చే ట్యాంకరు, నువ్వు తల్చుకుంటే దినామూ వస్తాది."

వీధంతా టీ తాగడం ఆపింది.

"మొగోళ్లం మాట్లాడుకుంటాండాము. నువ్వు లోపలికి పోమ్మా."

"నిలబడేది నేనంట గదా. నాతోనే మాట్లాడు." ఆమె జనం వైపు తిరిగింది. "పొద్దున్నుంచి నాకే తెలియదు. ఇప్పుడు చెప్తాండా, నిలబడతాండా!"

ఆడవాళ్లు బిందెలు మోగించారు. నరసన్న బానెట్ మీది దండ తెంపి ఆమె మెడలో వేశాడు. పాతినుము పోతే పోయిందని లాజరు తన మైకు కారు మీద కట్టాడు. పుల్లయ్య బుల్లెట్ ఒక్క కిక్కుకే స్టార్టయి వెళ్లిపోయింది.

"అంతా బాగుండాది గానీ బండి కదలదే!" అన్నాడు నరసన్న.

ప్రేమమ్మ కొంగు బిగించి కారు వెనక్కి పోయింది. వంగి, సైలెన్సర్ గొట్టంలో చెయ్యి పెట్టి లాగింది. మూరెడు వచ్చింది, బారెడు వచ్చింది, లాగేకొద్దీ వచ్చింది. పాత నైలాన్ చీర, పూర్తిగా.

"తొండలు దూరతాండాయని కారు తెచ్చిన పొద్దే కుక్కినా. ఎన్నిసార్లు చెప్పబోయినా ఇన్నారా? నూరుమందీ ముందరపక్కే చూస్తిరి."

ఓబుళేశు తాళం తిప్పాడు. ఇంజను ఎనిమిది నెలల నిద్రలోంచి ఒళ్లు విరుచుకున్నట్టు లేచి సన్నగా పాడసాగింది. ప్రేమమ్మ ముందుసీట్లో కూర్చుని అద్దం దించింది. బండి కదిలింది. గాలి వచ్చింది. కొంగు ఎగిరి వచ్చి, కలలో పడ్డచోటే, స్టీరింగు మీద పడింది. ఓబుళేశు దాన్ని తొలగించలేదు. ముందు తారురోడ్డు, దాని చివర కర్నూలు...

"పాతినుము కొంటాం! పగిలిన బిందెలు కొంటాం!" నెత్తిమీద లాజరు మైకులోని రికార్డు అరిచింది. అది ఎలా ఆపాలో లాజరుకే తెలియదు. ప్రతి ఇంట్లోంచీ ఒక ఆడమనిషి పగిలిన బిందె పట్టుకుని బయటికొచ్చింది.

"ఆపయ్యా" అంది ప్రేమమ్మ. ఆపాడు. ఆ బిందె చూసి, నీళ్ల సంగతి రెండు నిమిషాలు మాట్లాడి, డోరు మీద చేత్తో తట్టింది. "రైట్, రైట్!"

పది గజాల్లో ఇంకో ఇల్లు. "ఆపు."

పొద్దుగూకేసరికి బండి రెండు వీధులు దాటి నూట పద్నాలుగు చోట్ల ఆగింది. చిల్లర గొడవ ఒక్కటే లేదు, మిగతాదంతా ఓబుళేశు పాత డ్యూటీయే.