మూకుడు లేనిదే మంచులోకి దిగకండి

లోతు మంచులో మొట్టమొదటిసారి జీపు నడపబోతున్నారా? అయితే పారలూ, తాళ్ళూ, గొలుసులూ కొనకండి. ప్రయాణం సంగతి నలుగురి చెవినా వేయండి చాలు. కావలసినవన్నీ వాళ్ళే తెచ్చిస్తారు!

నమ్మకం కుదరకపోతే దోహాలో ఉండే డేనియల్ కథ వినండి. రాజోలు మనిషి, అక్కడి వెస్ట్ బేలో ఓ కంపెనీలో ఖర్చుల అంచనాలు వేసే ఎస్టిమేటర్. చిన్నప్పుడు బురదలో సైకిలు తొక్కాడు, ఖతార్ వచ్చాక ఇసుకలో ఫోర్ వీల్ తోలాడు. ఇక మిగిలింది మంచు. ఏళ్ళ తరబడి అదే కల. ఈ చలికాలానికి ఎట్టకేలకు వారం సెలవు మంజూరైంది. జార్జియా కొండల్లో జీపు అద్దెకు మాట్లాడుకున్నాడు.

ఇక తయారీ చూడాలి! అక్టోబరు ఎండలో ఉన్ని టోపీ పెట్టుకుని ఇసుక దిబ్బలెక్కాడు. చేతి తొడుగులతో స్టీరింగ్ తిప్పడం అలవాటు కావాలని ఆఫీసుకీ అవే వేసుకుని వెళ్ళాడు. సిగ్నల్ దగ్గర పక్క కారువాళ్ళు నవ్వితే ఏసీ ఇంకాస్త పెంచుకున్నాడే తప్ప తొడుగులు తీయలేదు. అతనికి ఇసుకలో బండి నేర్పిన హైదరాబాదీ ముజఫ్ఫర్ అలీ మంచు సంగతి కూడా ఆ దిబ్బల మీదే తేల్చేశాడు.

"రేత్ అయినా బరఫ్ అయినా ఒకటే భాయ్. టైర్ల గాలి తగ్గియ్యి. బ్రేక్ మీద కాలు పెట్టకు. ఇరుక్కున్నవనుకో, పారనే నీ దోస్త్."

డేనియల్ తాడూ, గొలుసులూ కొన్నాడు, వాటితో పాటు ఓ మడత పార. రోజూ దాన్ని విప్పి, మడిచి, మంచం పక్కన పెట్టుకుని పడుకునేవాడు.

అంతవరకూ బాగానే ఉంది. దోహాలో సెలవు శుక్రవారమే కాబట్టి ఆరాధనా ఆ రోజే; అలా ఓ శుక్రవారం చర్చిలో ఆరాధన అయ్యాక సంతోషం పట్టలేక నోరు జారాడు. జార్జియాలో మనవాళ్ళ పిల్లలు ఎంతమంది డాక్టరు చదువు చదువుతున్నారో అతనికి అప్పుడే తెలిసింది!

"వందనాలు తమ్ముడూ," అంటూ ముందుగా దేవకుమారి వచ్చింది. చర్చిలో పాటలు పాడించేది ఆవిడే. "మా అమ్మాయికి ఇనప మూకుడు. అక్కడ దొరికేవాటికి బూరెలు అంటుకుపోతున్నాయంట. బరువేం ఉండదులే."

మూకుడు అందుకున్న డేనియల్ భుజం ఓ పక్కకి ఒరిగింది. "సరే అక్కా," అన్నాడు.

సంఘపెద్ద సత్యవేదం గారు ఆవకాయ జాడీ తెచ్చారు. ఒకరు కుక్కరు, ఒకరు ఇడ్లీ రవ్వ, ఇంకొకరు ఏకంగా చుట్టిన దూది పరుపు. మీరే చెప్పండి, పరుపు వెంట ఉంటే పడినా దెబ్బ తగులుతుందా? ఆవకాయ తిన్నవాడికి చలి వేస్తుందా? ఇంత ముందుచూపు ఏ ఆఫ్-రోడ్ క్లబ్బుకి ఉంది?

పెట్టెలకే ఆ ముందుచూపు లేదు. తాడు బయటికొస్తే కుక్కరు దూరింది. గొలుసులు బయటికొస్తే రవ్వ దూరింది. చివరికి డేనియల్ భార్య తెరెసా ఒక చేత్తో పార, ఒక చేత్తో మూకుడు పట్టుకుని నిలబడింది.

"ఏవండీ, ఇదా, అదా?"

"పార లేకుండా ఎలా? ఇరుక్కుపోతే?"

"అయితే దేవకుమారక్కకి మీరే ఫోన్ చేసి చెప్పండి."

డేనియల్ ఫోను తీశాడు. దాన్ని కాసేపు చూశాడు. పారని మంచం కిందికి తోసేశాడు.

జార్జియాలో సెలవంతా హాస్టళ్ళ మెట్లెక్కడంతోనే సరిపోయింది. దేవకుమారి కూతురు ఒక్కతే, "పరీక్షలున్నాయి అంకుల్, మీరు వెళ్ళేముందు తీసుకుంటాను," అంది. మిగిలిన ఒక్క రోజున భార్యాభర్తలిద్దరూ మూకుడుతో సహా కొండెక్కారు. ముజఫ్ఫర్ చెప్పినట్టే గాలి తగ్గించి, రోడ్డు దిగి, తెల్లటి మైదానంలోకి జీపు దించాడు డేనియల్. చక్రాలు మెత్తగా పాకుతుంటే ఒళ్ళు పులకరించింది. ఆ పులకరింత తీరకముందే జీపు తలుపుల దాకా కూరుకుపోయింది.

ఫోనుకి సిగ్నల్ లేదు. పొద్దు వాలుతోంది. పక్క సీట్లో తెరెసా వణుకుతుంటే డేనియల్‌కి నిజంగా భయం వేసింది. డిక్కీ తెరిస్తే మూకుడు తప్ప మరేమీ లేదు. మూకుడు చెవులు రెండూ పట్టుకుని దానితోనే చక్రాల ముందు తవ్వాడు. చేతులు పడిపోతాయేమో అనిపించేదాకా తవ్వాడు. చీకటి పడేలోగా జీపు కదిలింది. మూకుడు నెత్తిమీదికెత్తి పట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వుతుంటే తెరెసా ఫొటో తీసింది.

చూశారా! పార ఉన్నవాడికి ఈ వైభవం దక్కుతుందా?

తిరిగొచ్చాక శుక్రవారం చర్చి బయట డేనియల్ ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మంచు ఎలా ఉందని ఎవరో ఒకరు అడగకపోతారా అని ఆశ. సత్యవేదం గారు వచ్చి జాడీలో నూనె కారిపోయిందన్నారు. పరుపు పంపినవాళ్ళు దాని ఓ మూల తడిసిందన్నారు. ఇక ఉండబట్టలేక తనే దేవకుమారికి ఫొటో చూపించాడు.

ఆవిడ రెండు వేళ్ళతో దాన్ని పెద్దది చేసింది. కొండలు పోయాయి. జీపు పోయింది. మంచు పోయింది. ఇంకాస్త పెద్దది చేస్తే డేనియల్ మొహం కూడా పోయింది.

"ఇది మా మూకుడు గదా తమ్ముడూ? అంచు వంగిపోయిందని అమ్మాయి అంటే నమ్మలేదు."

డేనియల్ తల దించుకున్నాడు.

"పోన్లే, బాధపడకు," అంది దేవకుమారి ఫోను తిరిగిచ్చేస్తూ. "వచ్చే ఏడు వెళ్తావుగా, ఇంకొంచెం మందంది పంపిస్తాను."

"సరే అక్కా," అన్నాడు డేనియల్.