ముసలాయన కాదు, సీనియర్

మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. డెబ్బై దాటిన మా ఆయన వెంకటరమణప్పకు ఉద్యోగం వచ్చేలా ఉంటే, దాన్ని చెడగొట్టాలని చూసింది పగవాళ్లు కాదు, నేనే.

జీవితమంతా మదనపల్లె మండీలో టమాటాలు ఏరించి ఇంటిపట్టున కూర్చున్న మనిషిని, కుప్పంలో కొత్తగా పెట్టిన సాస్ కంపెనీ సరుకు చూడ్డానికి రమ్మంది. మకాం అక్కడే. నాకేమో ఎవరైనా పక్కనున్న పుంగనూరు వెళ్లొస్తామన్నా, బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి కళ్లు తుడుచుకునే జబ్బు.

"పోవద్దయ్యా."

"ఈడుంటే సణుగుతావు, పోతానంటే ఏడుస్తావు. ఏం జేయమంటావే?"

"ఈడుండి సణిగించుకో!"

వినలేదు. కంపెనీవాళ్లు ఫోన్‌లో చూసి మాట్లాడే రోజు రానే వచ్చింది. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని నేర్చిన ఇంగ్లీషు నా దగ్గర కాస్త ఉంది. ముసలితనం మీద దొరికిన మాటలన్నీ నూరి పెట్టుకున్నాను.

మేనేజరు సుమలత తెర మీద కనబడగానే ఆయన భుజం మీదుగా తల దూర్చాను.

"హీ ఈజ్ ఓల్డ్ మ్యాన్ అమ్మా!"

"అట్లనకూడదవ్వా. మేము సీనియర్ అంటాము."

"వెరీ ఏజ్డ్!"

"ఎక్స్‌పీరియన్స్‌డ్."

"నిన్న చెప్పిందే ఈ పొద్దూ చెప్తాడు, రేపూ అదే చెప్తాడు!"

"కన్సిస్టెంట్," అని మెచ్చుకుంది.

నేను విసిరిన తిట్టల్లా ఆ పిల్ల దగ్గరికి పోయేసరికి పట్టుపంచె కట్టుకుంటోంది. నాకు ఒళ్లు మండింది.

"ఎక్స్‌పైర్ అయినాడు!"

మా ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఇంగా ఉండానే!"

ఇక ఇంగ్లీషు అయిపోయింది. తెలుగులోకి దిగాను. "సూడమ్మా, దోరకాయనే దూరం లారీకి ఎక్కిస్తారు. మాగిన పండును ఊరు దాటనియ్యరు. ఈయన బాగా మాగిపోయినాడు. కుప్పం దాకా తట్టుకోడు."

ఆ పిల్ల నవ్వింది. తర్వాత ఆలోచించింది. "నిజమే అవ్వా. సార్‌ను మదనపల్లె మండీలోనే కాయ కొనమంటాము. సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాడు."

గెలిచానని మనసులోనే టెంకాయ కొట్టాను. ఆ చిప్పలు చేతికి రాకముందే సుమలత మళ్లీ అంది.

"నువ్వూ ఆయనతో మండీకి రా అవ్వా. మా కంపెనీలో అంతా మెత్తగా మాట్లాడేవాళ్లమే. కుళ్లినదాన్ని కుళ్లిందని మొగం మీద చెప్పే మనిషి లేక నష్టపోతాండాము. నీకూ జీతమిస్తాము."

"నేనా? నాకు ఇంట్లో..."

"సణుగుడు పని ఉండాది మేడమ్," అన్నాడు మా ఆయన, పళ్లన్నీ కనబడేలా. "అది ఆడ చేసుకుంటాదిలే. పంపిస్తా!"



మర్నాడు తెల్లవారకముందే క్యారియర్ పట్టుకుని ఆయన బండి వెనక ఎక్కాను. మండీ రోడ్డంతా టమాటా లారీలు.

"అంత మెల్లగా పోతావేమయ్యా? సరుకు దిగిపోతాంది, పోనీ తొందరగా!"

ఈ మాట అన్నది నేనేనట. ఆయన చెబితే ఇప్పటికీ నమ్మను.