బొమ్మ చూసుకుపోతానన్న టీచరమ్మ

ఒర్తెన్సియా వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఇటలీలోని అంకోనా పట్నంలో బస్సెక్కి రొక్కాస్పినా అనే పల్లెకి వెళ్ళాలి. కొండమీది పాత చర్చిలో ఉన్న మేరీమాత బొమ్మను చూసి, పెన్సిలుతో కాగితం మీద గీసుకోవాలి. సాయంత్రం నాలుగున్నర బస్సుకి తిరిగి రావాలి. అంతే. ముప్ఫయ్యేళ్ళు బడిలో డ్రాయింగు చెప్పిన మనిషి. పళ్ళు కనిపించేలా నవ్వే మేరీమాతను లోకంలో ఎవరూ గీయలేదని ఏటేటా పిల్లలకు చెప్పింది. ఒక్కరు గీశారనీ, అది రొక్కాస్పినాలో ఉందనీ రిటైరయ్యాక ఏదో పుస్తకంలో చదివింది. అప్పట్నుంచీ కంటిమీద కునుకు లేదు.

బస్సు దిగగానే ఎదురుగా గస్పారె కాఫీ కొట్టు కనిపించింది. లోపలికి వెళ్ళి, కొండమీది బొమ్మ చూసుకుని సాయంత్రం బస్సుకే పోతానని చెప్పి, చర్చి తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడిగింది.

"డెల్ఫీనా పిన్ని దగ్గరమ్మా. కూచోండి, ఫోను చేస్తా" అన్నాడు గస్పారె.

డెల్ఫీనాకు ఎనభై రెండేళ్ళు. ఎడమ చెవి అసలు వినపడదు, కుడి చెవి తనకు నచ్చింది వింటుంది.

"పిన్నీ! పట్నం నుంచి ఒక టీచరమ్మ వచ్చింది! కొండమీది బొమ్మ చూసుకుపోతుందట! సాయంత్రం బస్సుకే!" అని గస్పారె గొంతు చించుకున్నాడు.

పిన్ని చెవిలో పడేసరికి 'చూసుకుపోతుంది' కాస్తా 'తీసుకుపోతుంది' అయింది.

ఆవిడ ఫోను పెట్టేసి కిటికీ తెరిచింది. రొక్కాస్పినాలో కిటికీ తెరవడమంటే దండోరా వేయించడమే. పావుగంటలో కొట్లో ఫోను మోగింది.

"ఒరే గస్పారె! ఆవిడ భుజానికి గొట్టం ఉందటగా?"

గస్పారె తొంగి చూశాడు. ఒర్తెన్సియా గీత కాగితాలు పెట్టుకున్న పొడుగాటి అట్ట గొట్టం కుర్చీకి ఆనించి ఉంది.

"ఉంది పిన్నీ."

"బొమ్మని చుట్టి అందులో పెట్టుకుపోవడానికేరా, దద్దమ్మా! బస్సు వెళ్ళేదాకా ఆ మనిషిని కదలనిచ్చావో, నీ కొట్లో మళ్ళీ కాఫీ తాగను!"

ఇందాక తను ఫోనులో ఏమన్నాడో గస్పారెకే అనుమానం వచ్చింది.

"తాళం దొరకడానికి కాస్త టైం పడుతుందట. ఈలోగా ఇది తినండి" అంటూ మాంసం కూరి వేయించిన ఆలివ్ కాయలు పళ్ళెంనిండా తెచ్చి పెట్టాడు.

తరువాత పొరలు పొరలుగా కాల్చిన పాస్తా వచ్చింది. ఎదురింటావిడ సోంపు బిస్కెట్లు పట్టుకొచ్చింది. "వద్దండీ, ఇక పట్టదు" అంటే "మా వంట నచ్చలేదా?" అని మొహం ముడుచుకుంది. ఒర్తెన్సియా కళ్ళు చెమర్చాయి. ముక్కూ మొహం తెలియని మనిషికి ఇంత మర్యాదా! అంకోనాలో పక్కింటివాళ్ళు గ్లాసెడు నీళ్ళిచ్చి ఎరగరు.

భోజనమయ్యాక ఊరు చూపిస్తామని ఇద్దరు ముసలి అన్నదమ్ములు తయారయ్యారు. బావి చూపించారు, కోటగోడ చూపించారు, ఆ గోడ రెండోవైపూ చూపించారు. కొండ పేరెత్తితే మాత్రం "ఎండగా ఉందమ్మా" అన్నారు. ఆవిడకు అదీ ప్రేమగానే తోచింది. తేనెరంగు రాళ్ళ ఇళ్ళు, మెట్లమెట్ల వీధులు, ప్రతి మలుపులోనూ నీలంగా తొంగి చూసే లోయ. ఇన్నాళ్ళూ ఈ ఊరికి రానందుకు తనను తానే తిట్టుకుంది. చివరికి అన్నదమ్ములిద్దరూ బెంచీ మీద కూర్చుని గుర్రుపెట్టారు. నాలుగు కొట్టింది. తాళం సంగతి పైన చూసుకుందామని ఒర్తెన్సియా గొట్టం భుజాన వేసుకుని ఒక్కతే కొండెక్కింది.

చర్చి మెట్ల మీద ఊరంతా కూర్చుని ఉంది. నడుమ డెల్ఫీనా, మెడలో జానెడు తాళంచెవి.

"అయ్యో, నాకోసం ఇంతమంది వచ్చారా!" అని ఒర్తెన్సియా పొంగిపోయింది.

"నా కంఠంలో ప్రాణం ఉండగా మా తల్లిని తీసుకుపోలేవు!" అని డెల్ఫీనా అరిచింది.

"తీసుకుపోవడమేమిటమ్మా? చూసుకుపోతానన్నాను!"

"మరా గొట్టమెందుకు?"

"కాగితాలకండీ! అయినా గోడమీద వేసిన బొమ్మని ఎలా చుట్టుకుపోతాను?"

మెట్ల మీద గుసగుసలు బయల్దేరాయి.

"గోడమీదా? గుడ్డమీదిది కదూ?" అన్నాడు గస్పారె.

"చెక్కమీదిదని మా నాన్న అనేవాడు" అన్నాడు వెనకనుంచి మరొకడు.

అందరూ డెల్ఫీనా వైపు తిరిగారు. ఆవిడ తల దించుకుంది.

"మా అత్త తాళమిచ్చి, తలుపు తియ్యకే అంది. తియ్యలేదు. అరవయ్యేళ్ళయింది."

గస్పారె పరుగెత్తి ఆలివ్ నూనె తెచ్చి తాళంలో పోశాడు. నలుగురు తోస్తే తలుపు కిర్రుమంది. లోపల, గోడమీద, అందమైన పల్లెపడుచు ఒకతె బిడ్డను ఎత్తుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. మొదట గస్పారె నవ్వాడు. తరువాత డెల్ఫీనా ఏడుస్తూ నవ్వింది. ఇంకేముంది, ఊరు ఊరంతా గుమ్మం మీద పడింది.

"తోసుకోకండిరా! ఒక్కొక్కరే! ముందు ఊరివాళ్ళు!" అని డెల్ఫీనా తలుపుకి అడ్డంగా నిలబడింది. ఒర్తెన్సియా ముందుకి జరగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు చుట్టానివి తల్లీ. నాలుగు రోజులుంటావు. నీకేం తొందర? రాత్రికి మా ఇంట్లో పడుకో."

కింద నాలుగున్నర బస్సు రెండుసార్లు హారను కొట్టి వెళ్ళిపోయింది.

ఒర్తెన్సియా వంతు మర్నాడు పొద్దున తొమ్మిదింటికి వచ్చింది. అప్పటికి ఆమె వెనక డెల్ఫీనా మూడోసారి వరుసలో నిలబడి, "కాస్త త్వరగా కానివ్వమ్మా" అంటోంది.