మూడో కోటు వార్నిష్

ఆదివారం పొద్దున బాలకిషన్ వేసుకున్న ప్లాను చిన్నదే. రెండు నెలలుగా తయారుచేస్తున్న టేకు టీపాయ్‌కి మూడో కోటు వార్నిష్ వేసి, ఆరాక మెరిసేలా తుడిచి, మర్నాడు కోరుట్లలో బావమరిది సునీల్ గృహప్రవేశానికి ఇవ్వాలి. సిరిసిల్లలో ఇరవై ఏళ్లుగా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్న మనిషికి కొయ్యపని కొత్త. రంగే లేని వార్నిష్ చెక్కలోని గీతలన్నిటినీ ఎలా పైకి తెస్తుందో అతనికి ఎంత చూసినా అంతుపట్టదు.

కోటు వేసి పది నిమిషాలు ఆగాడు. ఆరిందో లేదో తెలుసుకోవాలనిపించి వేలు పెట్టాడు. ముద్ర పడింది. అది దానంతటదే సర్దుకుంటుందేమో చూద్దామని కాసేపాగి ఇంకో వేలు పెట్టాడు. మధ్యాహ్నానికి అయిదు వేళ్లూ అయ్యాయి. తనను తాను తిట్టుకుంటూ ఆ ముద్రల మీద దట్టంగా మళ్లీ పూశాడు.

"బజారుకు పోయి గరుకు కాగితం తెస్త. టీపాయ్‌ను ఎవ్వలు ముట్టద్దు. దూది పడకుంట సూడు" అని భార్య రమకు చెప్పి వెళ్లాడు.

పక్క షెడ్డులోని సాంచాల నుంచి దూది తేలివస్తూనే ఉంది. రమ కాసేపు విసనకర్రతో కాపలా కాసి, చేయి నొప్పెట్టి, కొత్త నూలు తువ్వాల తెచ్చి కప్పింది. చేత్తో ముట్టలేదు కదా అనుకుంది. అత్త లసుమవ్వ వచ్చి, తువ్వాల ఎగిరిపోతుందని దానిమీద నూలు కండెల గంప పెట్టింది.

బాలకిషన్ తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గీ గంప ఎవలు పెట్టిన్రు?"

"నేనే కొడుకా. తువ్వాల ఎగిరిపోతదని" అంది లసుమవ్వ.

"తువ్వాల ఎవలు కప్పిన్రు?"

"దూది పడద్దన్నవ్ గద!" అంది రమ.

గంప లేచింది. తువ్వాల లేవలేదు. మొగుడూ పెళ్లాలు చెరో కొస పట్టి లాగితే టీపాయే వాళ్ల వెంట నడిచింది. లసుమవ్వ కూలబడి దాని కాళ్లు పట్టుకుంది. చర్రున ఊడింది. చెక్క నిండా పడుగూ పేకా అచ్చుపడి ఉన్నాయి. "రెండు నెల్లు..." అన్నాడు బాలకిషన్.

సాయంత్రం సునీల్ ట్రాలీ ఆటో తెచ్చాడు. రమ టీపాయ్‌కి అడ్డం నిలబడింది.

"జరుగక్కా!" అని అతను వంగి చేత్తో తడిమి చూశాడు. "బావా, కట్టె మీద గీ నేత ఎట్ల నేసినవ్?"

బాలకిషన్ నోరు తెరిచేలోపే లసుమవ్వ అందుకుంది. "ముగ్గురం కలిసి చేసినం బిడ్డా."

గృహప్రవేశంలో చుట్టాలు దేవుడి గది కంటే టీపాయ్‌నే ఎక్కువసేపు చూశారు. అలాంటిదే కావాలని నలుగురు పట్టుబట్టారు. బాలకిషన్ వెంటనే ఇంకో టీపాయ్ పనిలోకి దిగాడు. చెక్కపని అయ్యాక తను వార్నిష్ పూశాడు, రమ కప్పింది, లసుమవ్వ గంప పెట్టింది. సాయంత్రం తువ్వాల చిటికెలో లేచివచ్చింది. కింద చెక్క అద్దంలా ఉంది.

ఈసారి అతను కొన్న వార్నిష్ మంచి రకం, తువ్వాల కప్పేలోపే ఆరిపోయేది.